పిప్పి

"నువ్వే తీసినావు. ఎక్కడెట్టినావో సెప్పీ."

అప్పలనర్సమ్మ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆమెకే అనిపించింది. వంటగట్టు మీద జ్యూసరు ముక్కలు ముక్కలుగా విప్పి ఉంది. మూత ఉంది, గిన్నె ఉంది, కారెట్లను కిందికి నొక్కే కర్ర ఉంది. రసాన్నీ పిప్పినీ విడదీసే జల్లెడ ఒక్కటే లేదు. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా లేనట్టే.

కూతురు ఇందు గుమ్మానికి చేరబడి జడ అల్లుకుంటోంది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల. నిన్నటి నుంచి ఆ ముఖంలో ఏదో పంతం కనబడుతూనే ఉంది.

"నానే తీసినాను. సెప్పను," అంది.

"నాన్న ఏడింటికి తాగాల."

"తాగొద్దు. తినాల. పదైదు రోజుల కిందటే హాస్పిటల్లో తబిత సిస్టర్ సెప్పినాది. ఎవులైనా ఇన్నారా? నువ్విన్నావా? నాన్న ఇన్నాడా?"

"మెల్లగా మాటాడు. ఆయనకి ఇనబడతాది."

"ఇనబడనీ."

ముందుగదిలో తవిటయ్య ఖాళీ స్టీలు గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వినబడుతూనే ఉంది. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టరులో ఒక గదిలో నిట్టూరిస్తే రెండో గదిలో వినబడుతుంది.

ముప్ఫై రెండేళ్ళు వర్క్‌షాపులో వేగన్ల కింద దూరి, సుత్తి దెబ్బల మధ్య అరిచి మాట్లాడిన మనిషి. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది. ఎడమ బుగ్గలో పుట్టినదాన్ని కోసేసి, ఛాతీ మీది కండ తెచ్చి అక్కడ కుట్టారు. ఆ పక్క పళ్ళు లేవు, స్పర్శ లేదు. ఆపరేషనై ఐదు నెలలు. ఆ తరవాత ముప్ఫైసార్లు రేడియేషను కరెంటు పెట్టారు. ఆపరేషనైన నాటి నుంచి రోజుకి నాలుగు గ్లాసుల రసమే. నమిలి మింగిన మెతుకు ఒక్కటి లేదు.

బయట స్కూటరు ఆగింది. గిరిబాబు వచ్చాడు.

అప్పలనర్సమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. రైల్వే ఆఫీసులో గుమాస్తా. తాల్‌బగీచా నుంచి రోజూ పొద్దున్నే వచ్చి, సంచీ నిండా కారెట్లూ బత్తాయిలూ దానిమ్మలూ దింపి, బావ గ్లాసు ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చుని, అప్పుడు ఆఫీసుకి వెళ్తాడు. ఈ ఐదు నెలల్లో ఒక్క ఉదయం తప్పలేదు. జ్యూసరు కొనితెచ్చిందీ అతనే.

"ఏటప్పా, ఇంకా కాలేదా?" అంటూ సంచీ గట్టు మీద పెట్టాడు. విప్పి ఉన్న జ్యూసరుని చూశాడు. అక్కనీ, మేనకోడల్నీ మార్చి మార్చి చూశాడు.

"జల్లెడ దాసీసినాది," అంది అప్పలనర్సమ్మ.

"ఏలే?"

"నాన్న ఎండిపోతన్నాడు మావయ్యా. డెబ్బై ఒక్క కిలోలుండీవోడు. ఇప్పుడు యాభై ఎనిమిది. కనబడ్డంనేదా మీకు?"

"బరువుదేటి, మళ్ళీ ఒస్తాది. రసమైతే దిగిన పావుగంటకి రక్తంలో కలిసిపోతాది. పెద్ద పెద్ద డాక్టర్లు సెప్తన్నారు, ఫోన్లో సూపిస్తాను రా. నమిలిందైతే కడుపు అరిగించుకోవాల. ఇంత కోతా కోసినాక ఆ కష్టం కూడా ఎట్టమంటావా బావకి?"

"కష్టపడకపోతే కడుపు ఇంకేటి సేస్తాది? కూకుంటాదా?" ఇందు జడ వదిలేసింది. "నాలుగు బత్తాయిలు ఒక్కసారి కూకొని ఒలుసుకొని తిను మావయ్యా, సూద్దాం. తిన్నేవు. గ్లాసులో ఐతే రెండు గుక్కలు. పీసంతా పోయి ఆ తీపొక్కటే దిగుతాది. అది బలమేటి?"

"బలం గురించి కాదే నాను సెప్పింది!" గిరిబాబు గొంతు పెరిగింది. "ఆ కారెట్టు రసం, ఆ దానిమ్మ రసం కడుపులో ఉన్నన్నాళ్ళూ అది మళ్ళీ రాదు. బరువు తగ్గితే తగ్గనీ. అది మళ్ళీ ఒస్తే ఏటి సేస్తావు? నువ్వు సేస్తావా, నీ తబిత సిస్టర్ సేస్తాదా?"

ఆ ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. 'అది' అంటారు. 'అది' అన్నాక ఎవరూ మాట్లాడరు.

కొళాయి కింద బకెట్లోకి నీళ్ళు పడుతున్నాయి. నిండి పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు.

తవిటయ్య లేచి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడలేదు. ఖాళీ గ్లాసు గట్టు మీద, కారెట్ల పళ్ళెం పక్కన పెట్టి, వచ్చిన దారినే వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

అప్పలనర్సమ్మ ఆ గ్లాసు వంక కాసేపు చూసింది. తరవాత కారెట్లు తరిగింది. మిక్సీలో వేసి తిప్పింది. ఉతికిన పాత పంచె ముక్క ఒకటి తీసి, ఆ ముద్దంతా అందులో పోసి, మూట కట్టి, రెండు చేతులతో పిండడం మొదలుపెట్టింది. నారింజరంగు రసం వేళ్ళ సందుల్లోంచి గిన్నెలోకి కారింది.

ఇందు నోరు తెరిచి చూస్తూ నిలబడింది.

"పిండమ్మా," అంది చివరికి. "పిండు. పిండి పిండి మా నాన్నని కూడా అలగే పిప్పి సేసీ."

కాలేజీ సంచీ భుజాన వేసుకుని, టిఫిను తినకుండా, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

గిరిబాబు గ్లాసు అందుకుని ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. అప్పలనర్సమ్మ గుడ్డ విప్పి, లోపలి పిప్పిని వేలితో గీకి గిన్నెలోకి తీసింది. బాణలిలో ఆవాలూ ఎండుమిరపకాయలూ వేసి, ఆ పిప్పి వేయించింది. ఐదు నెలలుగా ఆమెకి పొద్దుటి టిఫిను అదే. కారెట్టు పారేయడానికి చేతులు రావు. పొయ్యి ముందు నిలబడే తిన్నది. ఉప్పు వేశానా లేదా అని తిన్నాక ఆలోచించింది. గుర్తు రాలేదు.

*

మొగుడూ పెళ్ళాం హాస్పిటల్‌కి టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, వెళ్ళారు. దారి పొడుగునా తవిటయ్య రుమాలు ఎడమ మూతికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ఆ పక్క ఏమి కారినా అతనికి తెలీదు.

తబిత సిస్టర్ ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగావిడ. వాళ్ళ నాన్న గూడ్సు గార్డుగా చేశాడు. నోటి ఆపరేషన్లయినవాళ్ళ చేత దవడ వ్యాయామాలు చేయించడం, ఏమి తినాలో చెప్పడం ఆవిడ పని. డ్రాయరు లోంచి ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్క పుల్లల కట్ట తీసి, నోరెంత తెరుచుకుంటోందో చూడ్డానికి తవిటయ్య పళ్ళ మధ్య ఒకదాని మీద ఒకటి దూర్చడం మొదలుపెట్టింది.

పదకొండో పుల్ల దగ్గర అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పన్నెండోది దూరలేదు.

"పోయిన నెల పదైదు పట్టినాయి కదన్నా," అంది తబిత. పుల్లలు తీసేసి, కాగితం మీద రాసుకుంది. "ఏటి తింటన్నారు?"

తవిటయ్య గోడ వంక చూశాడు.

"రసమేనమ్మా," అంది అప్పలనర్సమ్మ. "కారెట్టు, దానిమ్మ, బత్తాయి. సాయంత్రం సొరకాయది."

"అన్నం?"

"నేదు."

"మెత్తగా కలిపిన పప్పన్నం కూడా?"

"నేదు."

"వడగట్టినాక మిగిల్న పిప్పి ఏటి సేస్తన్నావక్కా?"

ఆ ప్రశ్న ఎవరూ ఇంతవరకూ అడగలేదు. అప్పలనర్సమ్మ తడుముకుంది.

"పారీలేక... నానే తింటన్నాను. ఏపుకొని."

తబిత కలం పక్కన పెట్టింది. నవ్వుతుందేమో అనుకుంది అప్పలనర్సమ్మ. నవ్వలేదు.

"అంటే ఐదు నెలల నుంచి ఒక్క కారెట్టుని మీరిద్దరూ పంచుకుంటన్నారన్నమాట. కడుపు నిండీదీ, పొద్దున్నే సాఫీగా అయ్యీదీ నీకెల్తన్నాది. తీపీ నీళ్ళూ అన్నకి ఎల్తన్నాయి."

అప్పలనర్సమ్మ తన చేతుల వంక చూసుకుంది. గాజులు బిగుతుగా ఉన్నాయి. తవిటయ్య వాచీ మణికట్టు నుంచి జారి మోచేతి దాకా వస్తోంది. మొగుడి ముద్ద తను తిన్నట్టు అనిపించాలి. ఏడుపు రావాలి. రెండూ రాలేదు. ఎవరింటి సంగతో వింటున్నట్టుగా ఉంది.

"రసం తప్పని సెప్పడంనేదక్కా. పుండు పచ్చిగా ఉన్నప్పుడు అదే బతికించినాది. అప్పుడు నానే ఇమ్మన్నాను కదా. కానీ అది దాటీసినాం. దానిమ్మ రసానికి జబ్బుని ఆపీ శక్తి ఉంటే ఈ వార్డు ఎప్పుడో మూసీవోళ్ళు. మనిషికి ఇప్పుడు పప్పు కావాల, గుడ్డు కావాల, పీసు కావాల. అన్నిటికన్నా ముందు ఆ దవడకి పని కావాల."

ఆవిడ తవిటయ్య వైపు కుర్చీ తిప్పింది.

"అన్నా, ఇటు సూడు. ఇంకో రెండు నెలలు ఇలగే ఉంటే దవడ బిగుసుకుపోతాది. అప్పుడు నోట్లో స్పూను కాదు, స్ట్రా కూడా దూరదు. కుడిపక్క పళ్ళు బాగున్నాయి. ముగ్గిన బొప్పాయి ముక్క నోట్లో ఏసుకొని, నాలిక్కీ పళ్ళకీ మజ్జిన మెల్లగా నలపాలంతే. ఎందుకు సెయ్యవు? నొప్పా?"

తవిటయ్య తల అడ్డంగా ఊపాడు.

"మరేటి?"

రుమాలు తీశాడు. మాటల్ని ఒక్కొక్కటే ముద్దగా నోట్లోంచి బయటికి తోశాడు.

"పడతాది."

"ఏటి పడతాది?"

"ముద్ద. నోట్లోంచి. పడినట్టు నాకు తెల్దు." ఊపిరి తీసుకున్నాడు. "ఇంట్లో ఒకసారి పడినాది. ఇందు గుంట సూసినాది. సూడనట్టు తల తిప్పీసినాది. రేపు వర్క్‌షాపుకెల్తే... కేరేజీ ఇప్పుకొని ఇరవై మందిమి ఒకే కాడ తింటాం. అందరూ తల తిప్పీసుకుంటారు."

ఐదు నెలల్లో అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం అదే మొదలు.

అంటే తవిటయ్య రసం తాగుతున్నది గిరిబాబు చెప్పే మాటల మీద నమ్మకంతో కాదు. రసం జబ్బుని ఆపుతుందని కాదు. గ్లాసు ఐతే అందరి ముందూ తాగొచ్చు, అంతే. రోజుకి నాలుగుసార్లు రసం తీస్తూ, పక్కనే పడుకుంటూ, అప్పలనర్సమ్మకి ఈ సంగతి తెలీలేదు. అడగనూ లేదు.

"గురువారం డాక్టరుగారు నోరు సూస్తారు," అంది తబిత లేస్తూ. "అప్పటికి పన్నెండో పుల్ల దూరాల. ఠీక్ హై?"

తవిటయ్య మళ్ళీ రుమాలు పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు పూరీ గేట్ దగ్గర టోటో ఆపించింది అప్పలనర్సమ్మ. తోపుడుబండి మీద కోసిన బొప్పాయి ఎర్రగా మెరుస్తోంది.

"నరమ్ హోబే తో, దాదా?" అనడిగింది, మెత్తగానే ఉంటుంది కదా అని.

"ఏకేబారే మాఖన్, బౌదీ," అన్నాడు బండివాడు, వెన్నే అన్నట్టు వేళ్ళు కలిపి చూపిస్తూ.

టోటోలో కూర్చున్న తవిటయ్య అటు చూడలేదు. వద్దనీ అనలేదు.

*

సాయంత్రం వర్క్‌షాపు సైరను మోగిన కాసేపటికి గిరిబాబు మళ్ళీ వచ్చాడు. చేతిలో చిన్న అట్టపెట్టె ఉంది.

"కొత్త జల్లెడ," అన్నాడు. "గోల్ బజారంతా తిరిగి తెచ్చినాను. ఇది దాసీకుండా సూసుకో."

వంటింట్లో నేల మీద కూర్చుని ఇందు బొప్పాయి చెక్కు తీస్తోంది. తల్లి చెప్పిన హాస్పిటల్ కబురంతా విన్నాక ఆ పిల్లే పండు అందుకుంది. ఆ రోజు తను తల తిప్పుకున్న సంగతి ఆమెకి గుర్తే. ఇప్పుడు మేనమామ వంక కూడా చూడకుండా చాకు ఆడిస్తోంది.

"రేపట్నుంచి పళ్ళు తేకు గిరీ," అంది అప్పలనర్సమ్మ.

"ఏటి?"

"తెస్తే కోసి పెడతాను. పిండను."

గిరిబాబు పెట్టె గట్టు మీద పెట్టాడు.

"నీ మొగుడి పేనం మీద పందెమేటప్పా? ఒక నర్సు మాట పట్టుకొని..."

"పందెం కాదు."

"మరేటిది? ఆ రసం ఆపినాక అది మళ్ళీ ఒస్తే? అప్పుడు నా మొకం ఎక్కడెట్టుకోను?"

"నీ మొకమేటి? దీంట్లో నీ మొకం ఎక్కడున్నాది?"

ఆమె మామూలుగానే అడిగింది. గిరిబాబు కిటికీ చువ్వలు పట్టుకుని బయటికి చూశాడు.

"పాతికేళ్ళు ఒకే డబ్బీలోంచి తిన్నామప్పా," అన్నాడు. "ఖైనీ పొగాకు నానే నలిపీవోణ్ణి. సున్నం నానే రాసీవోణ్ణి. బావ అరిసెయ్యి సాపీవోడు. పెళ్ళయిన కొత్తలో బావకి ఆ అలవాటు నేదు. నాకు తోడు కావాలని నానే మప్పినాను. నాను బావ కన్నా ఎక్కువే తిన్నాను. నా నోరు సూడు. ఏటీ కాలేదు. వక్కలు కొరుకుతన్నాను. రోజూ పొద్దున్నే ఆ గ్లాసు ఖాళీ అయినాకే నాకు టిఫిను గొంతు దిగతాది."

ఇందు చేతిలో చాకు ఆగిపోయింది.

అప్పలనర్సమ్మకి తమ్ముణ్ణి కొట్టాలనిపించాలి. లేకపోతే తల మీద చెయ్యి వెయ్యాలనిపించాలి. ఆమె వెళ్ళి పొయ్యి మీది పప్పు దించింది. మాడుతోంది కాబట్టి.

గుమ్మంలో తవిటయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు.

గిరిబాబు అటు తిరిగాడు. "బావా..." అన్నాడు.

తవిటయ్య లోపలికి వచ్చాడు. గోడవారగా ఉన్న పీట కాలితో లాగి కూర్చున్నాడు. ఐదు నెలల్లో వంటింట్లో అతను పీట మీద కూర్చోవడం అదే మొదలు. రెండో పీట అరచేత్తో తట్టి, గిరిబాబు వంక చూశాడు.

"కూకో."

గిరిబాబు కూర్చున్నాడు.

అప్పలనర్సమ్మ కంచం పెట్టింది. అన్నంలో పెరుగు పోసి వేళ్ళతో మెత్తగా పిసికింది. పక్కన నాలుగు బొప్పాయి ముక్కలు, ఉసిరికాయంతేసి కోసి వేసింది.

తవిటయ్య ఒక ముక్క తీసి, పెదవుల మధ్య నుంచి వేలితో కుడిపక్కకి నెట్టుకున్నాడు. దవడ కదిలింది. బరువైన తలుపు కదిలినట్టు కదిలింది. నీళ్ళు తాగాడు. మళ్ళీ కదిపాడు. మెడ మీది నరం లేచి అణిగింది. మింగాడు.

రెండో ముక్కలో సగం ఎడమ మూతి నుంచి జారి ఒళ్ళో పడింది. అతనికి తెలీలేదు. ఇందు చూసింది. ఈసారి తల తిప్పుకోలేదు. చెయ్యి చాచి ఆ ముక్క తీసి కంచం అంచున పెట్టి, "పడినాది నాన్నా," అంది, గ్లాసులో నీళ్ళయిపోయాయని చెప్పినట్టుగా.

తవిటయ్య కూతురి వంక చూశాడు. ఆ ముక్కే తీసి మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

గిరిబాబు పీట మీద తల వంచుకుని కూర్చున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. పెరుగన్నం ముద్దలు రెండు దిగాయి, మూడు దిగాయి. బొప్పాయి నాలుగో ముక్కా అయిపోయింది. అంతా కలిపితే పావుగంట పట్టింది. ఇందు గ్లాసు తీసుకుని నీళ్ళ కోసం ముందుగదిలోకి వెళ్ళింది. తవిటయ్య నుదురంతా చెమట. నవ్వాడో, నోరు అలా తిరిగిందో చెప్పడం కష్టం. కళ్ళు మాత్రం నవ్వాయి. ఆ కళ్ళు అలా ఉండడం అప్పలనర్సమ్మ ఎప్పుడు చూసిందో ఆమెకే గుర్తు లేదు.

"ఇంకో ముక్క ఎయ్యి," అన్నాడు కంచం ముందుకి తోస్తూ.

ఆమె వంగింది. కంచంలో మిగిలిన తెల్లటి పెరుగన్నం మీద, అతని నోటి నుంచి జారిన మెతుకుల పక్కన, దారంలా సన్నగా ఎరుపు.

బొప్పాయిది కాదు. బొప్పాయి రంగు ఆమెకి తెలుసు.

కొత్తగా నమలడం వల్ల చిగురు చిట్లిందా? స్పర్శ లేని బుగ్గని కొరుక్కున్నాడా? లేక అదా? అతని కింది పెదవి ఎడమ అంచున కూడా సన్నగా అదే తడి. అతనికి తెలీదు. గిరిబాబు తల ఎత్తలేదు. ముందుగదిలో ఇందు గ్లాసులోకి నీళ్ళు ఒంపుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఎయ్యవే," అన్నాడు తవిటయ్య.

అప్పలనర్సమ్మ బొప్పాయి ముక్క ఒకటి తీసింది. దాన్ని సరిగ్గా ఆ ఎరుపు మీద పెట్టింది.